ఉక్రేనియన్ భాష పుట్టుక: ధ్వనులు చెప్పే సాక్ష్యం

అందరికీ నమస్కారం.

ఉక్రేనియన్ అంటే రష్యన్‌కు మాండలికమని కొందరు, పోలిష్ కలిసి పాడైన రష్యన్ అని మరికొందరు అంటారు. 1863లో జార్ ప్రభుత్వ మంత్రి వలూయెవ్ ఈ వాదాన్నే ఉత్తర్వులోకి ఎక్కించి ఆ భాషలో పుస్తకాల అచ్చుకు అడ్డుపడ్డాడు. రెండు వాదాలూ తప్పే. అయితే ఆ సంగతి నిఘంటువు తేల్చలేదు; పదాలు ఎవరైనా అరువు తెచ్చుకుంటారు. తేల్చేవి ధ్వనులు.

తెలుగు పులి కన్నడంలో హులి, పాలు హాలు అయినట్టే ఉక్రేనియన్, రష్యన్, పోలిష్ చేరిన స్లావిక్ కుటుంబ భాషల్లోనూ మార్పులు ఒక వరసలో నడుస్తాయి. కొండను రష్యన్‌లో గరా, పోలిష్‌లో గూరా అంటే ఉక్రేనియన్‌లో హొరా. ఈ హకారం బెలారుసియన్, చెక్, స్లొవాక్‌లకూ ఉంది. మనం ప్రాగ్ అనే ఊరు చెక్ వాళ్లకు ప్రాహా. కాబట్టి ఇదొక్కటే చూసి ఉక్రేనియన్‌ను పోల్చుకోలేం.

అసలు గుర్తు మరొకటి. బల్లకు మూల స్లావిక్ (ఈ భాషలన్నిటికీ తల్లి) మాట 'స్తొలు'. చివరి ఉకారం అతి పొట్టిది. ఉక్రేనియన్, బెలారుసియన్, రష్యన్ పుట్టిన తూర్పు స్లావిక్ నేలపై సుమారు 11, 12 శతాబ్దాల్లో రాలిపోయింది. ముందున్న ఒకారం హల్లుతో మూసుకుపోయి, సాగి, క్రమంగా ఇకారమైంది: స్తిల్. తర్వాత అచ్చు ఉన్న 'స్తొలా' రూపంలో మాత్రం ఒకారం నిలిచింది. రష్యన్‌లో స్తోల్, పోలిష్‌లో స్తూవ్, చెక్‌లో స్తూల్. ఇవేవీ ఇకారం దాకా రాలేదు. ఉత్తర ఉక్రెయిన్ మాండలికాల్లో ఇలాంటి చోట ఇప్పటికీ 'ఉఒ' లాంటి జంట స్వరం వినిపిస్తుంది. మధ్య మజిలీ అదే.

ఈ సూత్రాన్ని అన్నిచోట్లా వాడితే బోల్తా పడతాం. నిద్రకు 'సోన్' అంటారు, 'సిన్' అనరు. ఎందుకంటే ఇక్కడి ఒకారం పాతది కాదు, పొట్టి ఉకారం నుంచి వచ్చింది. విభక్తి చేర్చి చూడండి: 'స్నూ' అవుతుంది, అచ్చే మాయం. అలా మాయమైతే ఇకారం కోసం వెతకక్కర్లేదు. టెలిఫోన్ లాంటి కొత్త అరువు మాటలకూ ఇది వర్తించదు.

మూసుకుపోయిన అచ్చు ఇలా మారడం ఎప్పుడు మొదలైందో రాతప్రతులు చెబుతాయి. 988లో క్రైస్తవం స్వీకరించాక కీవ్ రాజధానిగా ఉన్న నాటి తూర్పు స్లావిక్ రాజ్యం కీవ్ రుస్‌లో మతగ్రంథాల భాష దక్షిణ స్లావిక్ పునాది ఉన్న చర్చి స్లావొనిక్. దాన్నే జనం మాట అనుకోవడం పెద్ద పొరపాటు. జనం పలుకు బయటపడేది లేఖకుల తప్పుల్లోనే. 1164 నాటి దొబ్రీలో సువార్తలో, ఒకారంలాగే మూసుకుపోయిన ఎకారం ఉండాల్సిన చోట 'యాత్' అనే అక్షరం కనిపిస్తుంది; ఉక్రేనియన్‌లో తర్వాత ఇకారమైన ధ్వనికి రాసే అక్షరం అది. నా దృష్టిలో ఇంతకంటే విలువైన ఆధారం తక్కువ.

వ్యాకరణమూ ఇదే చెబుతుంది. సంబోధన ప్రథమ ఉక్రేనియన్‌లో బతికే ఉంది: ఇవాన్‌ను పిలిస్తే 'ఇవానె', అమ్మను పిలిస్తే 'మామొ'. పోలిష్, చెక్‌లలోనూ ఉంది. రష్యన్‌లో కొన్ని పాత రూపాలే మిగిలాయి. 'రాస్తాను'కు 'పిసాతిము' అంటారు. చివరి 'ము' ఒకప్పటి 'తీసుకొను' క్రియ అరిగిన రూపం.

ఇక పదాలు. పోలండ్, లిథువేనియా 1569లో చేసుకున్న లుబ్లిన్ ఒప్పందంతో ఉక్రెయిన్ భూములు చాలావరకు పోలండ్ కిరీటం కిందికి వెళ్లాయి. ఇంటి కప్పుకు 'దాఖ్' లాంటి జర్మన్ మాటలు పోలిష్ దారిన వచ్చాయి. భాషావేత్త తిష్చెంకో లెక్కలో ఉక్రేనియన్ పదజాలం బెలారుసియన్‌తో 84 శాతం, పోలిష్‌తో 70, రష్యన్‌తో 62 శాతం కలుస్తుంది. బెలారుసియన్ ముందుండటం సహజం: లిథువేనియా మహా సంస్థానంలో ఈ రెండు ప్రాంతాలకూ కచేరీ భాష ఒక్కటే, 1588 శాసన సంహిత కూడా ఆ భాషలోనే ఉంది.