అక్షరం నెత్తిన గీత: గ్రీకు ఉచ్చారణలో తొలి పాఠం

అందరికీ నమస్కారం.

ప్రాచీన గ్రీకు మొదలుపెట్టిన మీకు ఈపాటికి అక్షరమాల వచ్చేసి ఉంటుంది. ఉన్నవి 24 అక్షరాలే కనుక వారం పది రోజులు చాలు. భయపెట్టేవి వాటి నెత్తినుండే గీతలు. కుడివైపుకు లేచేది ఒకటి, కుడివైపుకు దిగేది ఒకటి, టోపీలా వంగినది ఒకటి. "ముందు పదాలు రానీ, గీతల సంగతి తర్వాత చూద్దాం" అనిపిస్తుంది. నేనూ అలాగే ఆరు నెలలు చదివాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి పదాన్నీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. అందుకే మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను: గీతను పదంతోపాటే నోటికి పట్టించండి.

ఏథెన్స్‌లో క్రీ.పూ. 408లో జరిగిన సంగతి చెబుతాను. యూరిపిడీస్ నాటకం 'ఒరెస్టీస్' ఆడుతున్నారు. హెగెలొఖొస్ అనే నటుడు ఉన్మాదం నుంచి తేరుకుంటున్న ఒరెస్టీస్ పాత్రలో ఉన్నాడు. అలల తర్వాత మళ్లీ ప్రశాంతమైన సముద్రం చూస్తున్నానని అతను చెప్పాలి. ప్రశాంతతకు మాట 'గలేన'. మన సంధుల్లో లాగే చివరి అచ్చు లోపించి 'గలేన్ హొరో' అవుతుంది. అక్కడ 'లే' మీద గొంతు పైకి లేవాలి. అతని గొంతు లేచి, అదే అక్షరంలో కిందికి జారింది. అలా జారితే ఆ మాటకు అర్థం ముంగిసలాంటి ఒక చిన్న జంతువు! "అలల తర్వాత ముంగిసను చూస్తున్నాను" అన్నట్టయింది. మూడేళ్లకు అరిస్టోఫేనీస్ తన 'కప్పలు' నాటకంలో దీన్ని ఎత్తిపొడిచాడు. హల్లు మారలేదు, అచ్చు మారలేదు, స్వరం ఒక్కటే తప్పింది. జనం మూడేళ్ల తర్వాత కూడా మరిచిపోలేదంటే వాళ్ల చెవికి స్వరం ఎంత ముఖ్యమో ఊహించండి.

అప్పట్లో ఈ గుర్తులు రాసేవారు కారు. పుట్టుకతో భాష వచ్చినవాళ్లకు అవసరం లేదు. అలెగ్జాండ్రియా గ్రంథాలయాధిపతి, బైజాంటియమ్‌కు చెందిన అరిస్టోఫేనీస్ క్రీ.పూ. 200 ప్రాంతంలో వీటిని ఏర్పరిచాడని సంప్రదాయం చెబుతుంది. నాటకకర్త వేరు, ఈయన వేరు.

ఇవి ఇంగ్లీషులో లాగా ఒత్తి పలకమని చెప్పే గుర్తులు కావు. గొంతు ఎత్తమనీ దించమనీ చెప్పేవి. హాలికర్నాసస్ వాసి, ప్రాచీన గ్రీకు రచయిత డయొనీసియస్ మామూలు మాటలో స్వరం ఒక పంచమం మేర కదులుతుందని రాశాడు. అంటే మన సంగీతంలో 'స' నుంచి 'ప' దాకా. ఒకసారి శ్రుతి పెట్టుకుని ఆ దూరం పాడి చూడండి, అర్థమవుతుంది. వేదం చదివేటప్పటి స్వరాలైన ఉదాత్తం (ఎత్తు), అనుదాత్తం (పల్లం), స్వరితం అన్న మాటలు విన్నవారికి ఇది కొత్త కాదు. పాణిని స్వరితాన్ని మొదటి రెంటి కలయిక అన్నాడు. గ్రీకు టోపీ గీత కూడా అలాంటిదే, ఎత్తుతో మొదలై పల్లంలో ముగుస్తుంది. అయితే నేడు వినే కృష్ణయజుర్వేద పారాయణలో స్వరితమే అన్నిటికన్నా పైన పలుకుతుంది, కాబట్టి దాన్ని అచ్చంగా అనుకరించవద్దు.

ఇక ధ్వనులు. ఇక్కడ తెలుగువారికి ఉన్న సౌకర్యం సంస్కృతానికి కూడా లేదు. 'మెడ', 'మేడ' మనకు వేరు; 'కొన', 'కోన' వేరు. ఎప్సిలాన్, ఈటాల తేడా అదే. ఓమిక్రాన్, ఓమెగాల తేడా అదే. ఈటాకు మాత్రం మన 'ఏ' కన్నా నోరు కొంచెం ఎక్కువ తెరవాలి. నేటి గ్రీకులో ఈటా 'ఇ' అయిపోయింది. ప్రాచీన కవి క్రటీనొస్ గొర్రె అరుపును బీటా, ఈటాలతో రాశాడు. నేటి పద్ధతిలో అది 'వీ వీ' అవుతుంది. 'వీ' అని అరిచే గొర్రె ఎక్కడా లేదు, అది 'బే బే' అనే అనాలి! ఒత్తక్షరాలు కూడా మనకు చేతిలో ఉన్నవే. ఒక్క జాగ్రత్త: ఫీ అక్షరానికి 'ఫలం'లోని ఫ కావాలి, 'ఫోను'లోనిది కాదు.

పదం మొదట అచ్చు మీద చిన్న కొక్కెం ఉంటే, అది ఎటు తిరిగిందో చూడండి. ఒకవైపు తిరిగితే 'హ' పలకాలి, రెండోవైపు తిరిగితే వద్దు. దీనికి సాక్ష్యం మన జ్యోతిషంలోనే ఉంది. గ్రీకు 'హోరా' మన 'హోర' అయింది. ఆ హకారమూ ఆ దీర్ఘమూ చెక్కుచెదరకుండా వచ్చాయి.

గీత ఎక్కడ పడుతుందన్నదానికి నియమాలున్నాయి. చివరి మూడు అక్షరాలు దాటి వెనక్కి పోదు. చివరిది దీర్ఘమైతే మూడోదాని మీద నిలవలేదు. 'అంథ్రొపొస్' అని తేలిగ్గా రాసుకుంటారు కొందరు. 'అంథ్రోపొస్' అని సరిగా రాసుకోండి. మనిషి అని అర్థం, స్వరం 'అం' మీద. 'మనిషి యొక్క' అనాలంటే 'అంథ్రోపూ', చివర దీర్ఘం వచ్చింది కనుక స్వరం 'థ్రో' మీదికి జరుగుతుంది. నియమం బట్టీ పట్టేకన్నా ఈ జంటను రోజూ ఇరవై సార్లు పలకండి.

నేటి గ్రీకు నేర్చుకునేవారికి పని తేలిక. 1982లో అధికారికంగా ఒకే గుర్తు మిగిల్చారు, అది ఒత్తి పలకడానికే. అయినా వదిలేయడానికి లేదు. 'పొతె'లో మొదటి అక్షరం ఒత్తితే 'ఎప్పుడు', రెండోది ఒత్తితే 'ఎన్నడూ'.

ఇప్పుడు నాతోపాటు ఒక మాట పలకండి. 'పతేర్', తండ్రి. గొంతు రెండో అక్షరం మీద లేవాలి. వేదంలో 'పితా' అన్నా అంతే, ఎత్తు చివర. ఇప్పుడు తండ్రిని పిలవండి: 'పతెర్!' దీర్ఘం పోయింది, ఎత్తు మొదటి అక్షరానికి వచ్చింది. వేదంలో పిలుపు 'పితర్'లోనూ ఎత్తు మొదటికే వస్తుంది. మరొక్కసారి, అందరూ కలిసి: పతేర్... పతెర్!