పాత కెనూకి ఏ చెక్క వేయాలి?

అందరికీ నమస్కారం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, పెనాబ్‌స్కాట్ నది ఒడ్డున ఓల్డ్ టౌన్ అనే ఊరుంది. 1900 ప్రాంతం నుంచి అక్కడ తయారైన కాన్వాస్ కెనూలు, అంటే మందపాటి గుడ్డ తొడిగిన, తెడ్డుతో నడిపే సన్నటి చెక్క పడవలు, ఇప్పటికీ మరమ్మతుకి వస్తుంటాయి. లోపల పక్కటెముకల్లా వంచిన చెక్క పట్టీలు (వాటినే పక్కటెముకలంటాం), వాటి మీద పల్చటి పలకలు, పైన రంగేసిన కాన్వాస్. పక్కటెముక మందం సుమారు 8 మిల్లీమీటర్లు, పలకది అందులో సగం.

ఇంత పల్చగా ఉంటే మనవాళ్లు వెంటనే అనేమాట, "టేకు వేసెయ్యండి, జన్మలో పాడవదు" అని. వద్దండి. టేకు ఘనపు మీటరుకి దాదాపు 650 కిలోలు తూగుతుంది. ఆ పక్కటెముకలకు వాడిన వైట్ సెడార్ అనే తేలిక చెక్క 350 దగ్గరే. పైగా కెనూ అడుగు రాయికి తగిలినప్పుడు పక్కటెముకలన్నీ కలిసి కాస్త వంగి మళ్లీ లేవాలి. మధ్యలో ఒకటి బిర్రుగా మొండికేస్తే దెబ్బ పక్కవాటి మీద పడుతుంది. అందుకే సెడార్ తీసినచోట సెడారే.

అందులోనూ అన్నీ ఒకటి కావు. వెస్టర్న్ రెడ్ సెడార్ పలకలకు బాగుంటుంది, కానీ వంచితే పుటుక్కుమంటుంది. పక్కటెముకలకు వైట్ సెడారే నయం. అదీ బట్టీలో ఎండబెట్టినది కాకుండా, గాలికి ఆరినదైతే ఆవిరికి బాగా లొంగుతుంది. అడితిలో చెక్క చూసేటప్పుడు పైపై నునుపు చూసి మోసపోకండి. ఒక చివర ఉలి పెట్టి చిన్నగా చీల్చండి. చీలిక అంచు వెంట తిన్నగా పోతే ఆ చెక్క మనది. పక్కకి జారి బయటికొచ్చేస్తే, వంపు తిరిగేచోట సరిగ్గా అక్కడే విరుగుతుంది. ముడి ఉన్నదీ అంతే. 8 మిల్లీమీటర్ల పక్కటెముకకి సుమారు ఇరవై నిమిషాల ఆవిరి చాలు. బయటికి తీశాక మాత్రం తాపీగా చూస్తూ కూర్చోకూడదు, చల్లారేలోపే వంచెయ్యాలి.

పడవ పైఅంచుల వెంట పొడవునా ఉండే అంచు కర్రల సంగతి వేరు. స్ప్రూస్, మహాగని, యాష్, ఏదైనా అయ్యుండొచ్చు. కెనూ చివర లోపలి కర్ర మీద సీరియల్ నంబర్ చెక్కి ఉంటుంది. దాన్నిబట్టి ఆ కెనూలు చేసిన ఓల్డ్ టౌన్ కంపెనీ పాత రికార్డుల్లో వెతికితే అంచులకు ఏ చెక్క వాడారో చాలాసార్లు దొరుకుతుంది. ఇవి ఎక్కువగా కొసల్లోనే కుళ్లుతాయి. అలాంటప్పుడు కర్ర మొత్తం మార్చడం నాకు నచ్చదు. కుళ్లినంత వరకు కోసి, అదే జాతి చెక్కతో పొడవాటి ఏటవాలు అతుకు వేస్తే చాలు.

కొత్త సెడార్ తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వార్నిష్‌కి ముందు కాస్త స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేసుకోవచ్చు. నేనైతే వదిలేస్తాను, ఏళ్లు గడిచేకొద్దీ అదే ముదురుతుంది. చీల్చిన ముక్కలు రెండు రకాలవీ ఈ బల్ల మీద పెట్టాను, దగ్గరికొచ్చి చేత్తో పట్టుకుని చూడండి.