అట్ట పడవ నీరు తాగేది అంచుల్లోంచే

నమస్కారం. ఇంజినీరింగ్ పోటీకి అట్టతో పడవ కట్టబోతున్న విద్యార్థులకూ, వాళ్ల వెనక నిలబడే ఉపాధ్యాయులకూ పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను.

ముందు అట్ట అసలు తేలుతుందా అన్న అనుమానం తీర్చుకుందాం. తేలే వస్తువు తన బరువుకు సరిపడా నీటిని తొలగిస్తుందని ఆర్కిమెడిస్ సూత్రం. లీటరు మంచినీరు కిలో తూగుతుంది. ఒక్కొక్కరు 50 కిలోల చొప్పున ఇద్దరు, పడవా తెడ్లూ కలిపి 12 కిలోలు అనుకుంటే 112 లీటర్ల నీరు తొలగాలి. పడవ అడుగు 180 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉంటే, 112 లీటర్లను ఘన సెంటీమీటర్లలోకి మార్చి 1,12,000ను అడుగు వైశాల్యం 10,800తో భాగించండి. పడవ పది సెంటీమీటర్ల పైచిలుకు మునుగుతుంది. గోడలు 30 ఎత్తుంటే ఇంకో ఇరవై దాకా నీటిపైనే ఉంటాయి. కాబట్టి తేలడం గురించి దిగులు వద్దు. పడవ దెబ్బతినేది వేరే మూడు విధాలుగా: పక్కకు ఒరిగి, నడుమ మడతపడి, అంచుల్లోంచి నీరు తాగి.

ఒరగడం వెడల్పుతో ముడిపడిన సంగతి. వేగం కోసం చాలామంది వెడల్పు తగ్గిస్తారు. తగ్గించే ముందు ఈ లెక్క వేయండి: వెడల్పు వర్గాన్ని, మునిగిన లోతుకు 12 రెట్లతో భాగించి, ఆ లోతులో సగం కలపండి. అడుగు నుంచి మెటాసెంటర్, అంటే పడవ కాస్త ఒరిగినప్పుడు నీరు పైకి నెట్టే గీత పడవ నడిగీతను కలిసే బిందువు, ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. 60 వెడల్పుకు అది సుమారు 34 సెంటీమీటర్లు. 50కి తగ్గిస్తే మునిగే లోతు పెరిగి, ఆ ఎత్తు 23కి పడిపోతుంది. అడుగున కూర్చున్న మనిషి గరిమనాభి 20–25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అది మెటాసెంటర్ కన్నా కిందే ఉండాలి. 60లో నిబ్బరంగా ఉంటారు, 50లో ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. మోకాళ్ల మీద లేస్తే ఆ లెక్క కూడా చెల్లదు. ఇద్దరూ బాసీపట్టు వేసుకుని, చెరో కొస నుంచి 45 సెంటీమీటర్ల దగ్గర కూర్చోవాలి. బరువైన వారు కాస్త మధ్యకు జరగాలి.

ఇక అట్ట. ఫైవ్ ప్లై ముడతల అట్ట (మూడు చదును కాగితాల మధ్య రెండు ముడతల పొరలున్నది), 240 × 120 సెంటీమీటర్ల ఒకే షీటు దొరికితే అదే అన్నిటికన్నా మంచిది. చుట్టూ 30 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి మడిస్తే 180 × 60 అడుగు, 30 ఎత్తు గోడలు సరిగ్గా వస్తాయి. మూలల్ని మాత్రం కోయకండి. కాగితంతో డబ్బా చేసినట్టు, మూలనున్న చదరాన్ని కర్ణం వెంబడి మడిచి, ఆ త్రికోణాన్ని గోడకు అంటించండి. అప్పుడు నీటిమట్టం కింద కోసిన అంచు ఒక్కటీ ఉండదు. దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అట్ట పైపొర మీద నీరు నెమ్మదిగా ఇంకుతుంది, కోసిన అంచు దగ్గర మాత్రం ముడతలన్నీ తెరిచిన గొట్టాలు. నీరు వాటిలోకి జొరబడి, లోపలి జిగురును మెత్తబరిచి, పొరల్ని విడదీస్తుంది. బయటికి ఏమీ కనిపించదు, చేత్తో నొక్కితే మాత్రం అట్ట రొట్టెలా అణుగుతుంది.

మడత గీతను కత్తితో గాటు పెట్టకుండా, చెంచా వెనక భాగంతో గట్టిగా నొక్కి గాడి చేయండి. ముడతలు పడవ పొడవునా ఉండాలి. లోపల రెండో పొరను ముడతలు అడ్డంగా ఉండేలా అంటించండి. దాని వెడల్పు 58.5 చాలు, గోడల మందం కొంత తింటుంది కదా. నీటికి కరగని జిగురు వాడి, బరువులు పెట్టి రాత్రంతా వదిలేయండి. పడవ నడుమ మడతపడకుండా, సరిగ్గా 90 సెంటీమీటర్ల దగ్గర గోడల ఎత్తు దాకా అడ్డుగోడ నిలపండి. గోడల పైఅంచుకు 8 సెంటీమీటర్ల అట్ట పట్టీలు మూడు పొరలుగా తొడగండి. భారానికి ముందు వంకరపోయేది ఆ పైఅంచే.

టేపు పొడి అట్టకే అతుకుతుంది. దుమ్ము తుడిచి, పట్టీ మీద పట్టీ రెండు సెంటీమీటర్లు ఎక్కేలా వేసి రుద్దండి. నిబంధనలు ఒప్పుకుంటే ఆ తర్వాత వార్నిష్, రెండు పూతలు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఒకవైపే పూస్తే అట్ట వంగుతుంది. చివర్లో చీకటి గదిలో పడవను బోర్లించి లోపల టార్చి వెలిగించండి. వెలుతురు కనిపించిన చోట నీరూ వస్తుంది.

పదో వంతు నమూనా తప్పక చేయండి. నమూనా బరువుతో కలిపి మొత్తం 112 గ్రాములయ్యేలా అందులో బరువు పెడితే మునక ఒక సెంటీమీటరు ఉండాలి, ఎందుకంటే కొలతలు పదో వంతైతే బరువు వెయ్యో వంతుకు తగ్గుతుంది. కానీ నమూనా గట్టిదనాన్ని చూసి నిబ్బరపడకండి. చిన్న వస్తువు తన భారానికి ఎప్పుడూ ఎక్కువ బలంగా ఉంటుంది. బలం తెలియాలంటే అసలు పడవలోనే బరువులు పెట్టి చూడాలి.

పోటీ రోజున పడవను ఈడ్చకండి, అడుగు కింద చేతులు వేసి ఎత్తండి. లైఫ్ జాకెట్లు వేసుకుని, పెద్దలు దగ్గరుండగానే ఎక్కండి. లోపల ఒక సెంటీమీటరు నీరు నిలిస్తే అది దాదాపు 11 కిలోలు, పైగా పడవ ఎటు ఒరిగితే అటే పరుగెడుతుంది. ఒక స్పాంజి వెంట ఉంచుకోండి. దిగేటప్పుడు మొదటివారు లేవకముందే రెండోవారు అడ్డుగోడ దగ్గరకు జరగాలి. కొసనే ఉండిపోతే ఆ కొస పదమూడు సెంటీమీటర్ల దాకా దిగిపోయి, రెండో కొస నీటిపైకి లేస్తుంది.