తల దిగిందా?

శ్రోతలకు నమస్కారం.

లేబర్ రూమ్ తలుపు కొంచెం తెరుచుకుంటే చాలు, బయట బెంచీ మీద ఉన్నవాళ్లంతా లేచి నిలబడతారు. "ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడుగుతారు. "నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది, తల ఇంకా పైనే ఉంది" అని నర్సమ్మ తలుపేసుకుంటుంది.

పైన అంటే ఎంత పైన? చిక్కంతా ఇక్కడే ఉంది. గర్భసంచి నోరు ఎంత తెరుచుకుందో, తల ఎంత దిగిందో ఇప్పటికీ వేళ్లతో తడిమే చెబుతారు. నొప్పులు ఎక్కువసేపు సాగితే బిడ్డ తల మీద చర్మం వాస్తుంది. ఆ వాపు వేలికి తగిలి తల దిగిపోయినట్టే అనిపిస్తుంది కానీ, ఎముక ఇంకా పైనే ఉంటుంది. 2005లో ఫ్రాన్స్ పరిశోధకులు కాన్పు బొమ్మ మీద డాక్టర్లకు పరీక్ష పెట్టారు. తల పైనుందా, మధ్యలో ఉందా, కిందికొచ్చిందా అన్న మోటు లెక్కలోనే అనుభవజ్ఞులు కూడా దాదాపు మూడోవంతు సార్లు తప్పారు. వాళ్ల చేతి నేర్పును తప్పుపట్టి లాభం లేదు, కంటికి కనిపించనిదాన్ని కొలవడం అంత కష్టం.

అందుకే స్కానింగ్. స్కానింగ్ యంత్రానికి ఉండే చేతిపిడి లాంటి ప్రోబ్‌ను లోపలికి పెట్టరు, తొడుగు వేసి కింద బయటి నుంచే ఆనిస్తారు. తెర మీద రెండు ఆకారాలు కనిపిస్తాయి. ఒకటి ఖర్జూరం గింజలా పొడుగ్గా ఉండే తల్లి కటి ముందుభాగపు కీలు, రెండోది బిడ్డ పుర్రె తాలూకు పెద్ద వంపు. గింజ పొడుగునా ఒక గీత, దాని కింది కొస నుంచి పుర్రెను తాకుతూ ఇంకో గీత గీస్తారు. తల దిగేకొద్దీ వాటి మధ్య కోణం తలుపు రెక్కలా తెరుచుకుంటుంది. 2018 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఆ కోణం సుమారు 116 డిగ్రీలకు వస్తే తల కటి మధ్యలోని ఎముకల మట్టానికి చేరినట్టు లెక్క. 120 దాటితే మామూలు కాన్పు మీద ఆశ పెరుగుతుంది.

కానీ నొప్పులతో మెలికలు తిరిగే మనిషి పక్కన నిలబడి గీతలు గీయడం అయ్యే పనేనా? ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పాలని ఇటలీలోనూ, చైనాలోనూ పరిశోధకులు పనిచేశారు. ఆ రెండు ఆకారాలను కంప్యూటరే గుర్తుపట్టి కోణం చెప్పాలని 2023లో అంతర్జాతీయ పోటీయే పెట్టారు.

అయితే అది చెప్పేది కోణం ఒక్కటే. బిడ్డ ముఖం పైకి తిరిగి ఉందా, గుండె చప్పుడు ఎలా ఉంది, తల్లి ఎంత అలిసిపోయింది అన్నవి మనిషే చూడాలి. 2019-21 జాతీయ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ఈ యంత్రం వస్తే అవన్నీ తగ్గిపోతాయని నేననను. ముహూర్తం చూసి చేయించుకునే ఆపరేషన్‌కు కోణంతో పనేముంది? పైగా లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం మన దగ్గర స్కానింగ్ యంత్రం ఎక్కడ పెట్టినా రిజిస్ట్రేషన్ ఉండాలి. గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ ఫారం ఎఫ్ అనే వివరాల పత్రం నింపాలి. అర్ధరాత్రి లేబర్ రూమ్‌లో ఆ కాగితాలు ఎవరు రాస్తారన్నది చిన్న ప్రశ్నేం కాదు.

కొన్నిచోట్ల ఆ తెరను తల్లి వైపు తిప్పి చూశారు. "ముక్కమ్మా, ఇంకొంచెం" అని ఎవరో చెబితే నమ్మాల్సిన పని లేకుండా, తాను ముక్కినప్పుడల్లా బిడ్డ తల కిందికి జరగడాన్ని ఆమే చూసింది.