పెనం మీద చివర పడే వెన్న

అందరికీ నమస్కారం. ఇంత చలిలో, ఆదివారం మధ్యాహ్నం, పిల్లల్ని వెంటబెట్టుకుని లైబ్రరీ దాకా వచ్చారు. చాలా సంతోషం. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు కూడా కొందరు కనిపిస్తున్నారు. వాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను.

ఇక్కడ అమెరికాలో పుట్టినరోజుకి ఎక్కడికి వెళ్దామంటే మన పిల్లల్లో చాలామంది చెప్పే పేరు హిబాచీ. పెద్ద ఇనుప పెనం చుట్టూ అందరం కూర్చుంటాం. వంటాయన ఎదురుగా నిలబడి ఉల్లిపాయ చక్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలోంచి మంట లేపి పిల్లల్ని నవ్విస్తాడు. ఆ సందడంతా అయ్యాక పక్కనున్న గిన్నెలోంచి లేత గోధుమరంగు ముద్ద ఒకటి తీసి అన్నం మీద వేస్తాడు. ఒక్క క్షణంలో వాసన మారిపోతుంది. ఇంటికి వచ్చాక పిల్లలు అడిగేది మంటను కాదు, ఆ అన్నాన్ని. ఆ ముద్దే వెల్లుల్లి వెన్న. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

పేరు దగ్గర చిన్న సవరణ ఉంది. జపాన్‌లో హిబాచీ అంటే బొగ్గుల కుంపటి. చలికాలం చేతులు కాచుకునేది. మనం కూర్చునేది కుంపటి ముందు కాదు, పెనం ముందు. దాని అసలు పేరు తెప్పన్, అంటే ఇనుప పలక. యాకి అంటే కాల్చినది. అందుకే ఈ వంట తెప్పన్యాకి. 1945లో కోబే నగరంలో మిసోనో అనే హోటల్ ఇలా పెనం మీద, తినేవాళ్ల ఎదురుగా మాంసం కాల్చి పెట్టడం మొదలుపెట్టింది. అమెరికాకి దీన్ని తెచ్చినవాడు హిరోఆకి ఆఓకి. అందరూ రాకీ అనేవారు. కుస్తీ ఆటగాడిగా జపాన్ నుంచి వచ్చి, న్యూయార్క్ హార్లెమ్ వీధుల్లో ఐస్‌క్రీమ్ బండి నడిపి డబ్బు కూడబెట్టి, 1964లో న్యూయార్క్‌లోనే బెనిహానా అనే హోటల్ తెరిచాడు. టోక్యోలో వాళ్ల నాన్నగారి కాఫీ హోటల్‌ది కూడా అదే పేరు. బెనిహానా అంటే కుసుమ పువ్వు. తెలంగాణ చేలల్లో పండే మన కుసుమే.

నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. వెన్నా వెల్లుల్లీ రెండూ పాత జపాన్ వంటింటివి కావు. మరీ పాశ్చాత్యంగా ఉన్నదాన్ని ‘వెన్న కంపు కొడుతోంది’ అనే మాట జపనీస్ భాషలో ఉంది. ఇక వెల్లుల్లి సంగతి. జెన్ బౌద్ధుల గుడుల ద్వారం దగ్గర కొన్నిచోట్ల ఒక రాతి పలక నిలబెట్టి ఉంటుంది. ఘాటు కూరలూ మద్యమూ ఈ వాకిలి దాటి రాకూడదని దాని మీద చెక్కి ఉంటుంది. ఆ ఘాటు కూరల్లో వెల్లుల్లి కూడా ఒకటి. కార్తీక మాసంలో ఉల్లీ వెల్లుల్లీ ముట్టని ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ మాట వేరే వివరించక్కర్లేదు. ఆ దేశమే ఇప్పుడు అఓమొరి ప్రాంతంలో పెద్ద రెబ్బల తెల్ల వెల్లుల్లిని ఎంతో శ్రద్ధగా పండిస్తోంది. పాలూ వెన్నా ఎక్కువగా ఉత్తరాన హొక్కాయిదో నుంచి వస్తాయి. బయటినుంచి వచ్చిన ఈ రెండిటినీ కలిపి జపాన్ రుచిగా మార్చేది సోయా సాస్. అందుకే సోయా సాస్ లేకుండా చేసిన గార్లిక్ బటర్ బ్రెడ్ మీదికి బాగుంటుంది కానీ, మీ పిల్లలు అడిగేది మాత్రం అది కాదు.

ఇక చేసే పద్ధతి. నేను మొదటిసారి చేసినప్పుడు మన పోపు అలవాటు ప్రకారం వెన్న కరిగించి, కాగాక వెల్లుల్లి వేశాను. క్షణాల్లో ముక్కలు నల్లబడ్డాయి. చేదెక్కింది. ఆ అన్నం మా ఇంట్లో ఎవరూ తినలేకపోయారు. అప్పుడు కానీ నాకు అర్థం కాలేదు. ఇది పొయ్యి మీద వండేది కాదు, చల్లగా కలుపుకునేది. పొయ్యి దగ్గర దీని పని చివరి నిమిషంలోనే.

వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం నీళ్లు, మిగతాది పాల పదార్థం. నెయ్యి కాచేటప్పుడు అడుగున ఎర్రబడి గసిగా మిగిలేది ఆ పాల పదార్థమే. 150 డిగ్రీల సెల్సియస్ దాటితే అది మాడడం మొదలవుతుంది. పెనం అంతకంటే వేడిగా ఉంటుంది. అందుకే ముందు నూనె వేసి, కూరముక్కలైనా మాంసమైనా అన్నమైనా పూర్తిగా వేగనిచ్చి, దించబోయే ముందు వెన్న వేయాలి. మరి నెయ్యితో చేయకూడదా అని మొన్న ఒక పిన్నిగారు అడిగారు. నెయ్యి అంత త్వరగా మాడదు, నిజమే. కానీ దాని సొంత వాసన చాలా బలమైనది. వెల్లుల్లినీ సోయానూ పైకి రానివ్వదు. ఇక్కడ వెన్నే కావాలి.

ఇక్కడి షాపుల్లో దొరికే ఉప్పు లేని వెన్న ఒక స్టిక్ తీసుకోండి, 113 గ్రాములు. ఉప్పు లేనిదే ఎందుకంటే సోయా సాస్‌లో ఉప్పు బాగా ఉంటుంది. వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి. తొందరలో మైక్రోవేవ్‌లో పెట్టకండి. ఒకసారి కరిగిన వెన్న మళ్లీ గడ్డకట్టినా పాత నునుపు తిరిగి రాదు. ఎండాకాలం అయితే గిన్నెని చల్లటి నీళ్లలో ఉంచి కలపండి.

వెల్లుల్లి నాలుగు పెద్ద రెబ్బలు చాలు. సీసాలో తరిగి అమ్మేది వద్దు, అందులో పులుపు కలిసి ఉంటుంది. చిన్న రోట్లో మెత్తగా దంచండి. దంచాక ఓ పది నిమిషాలు అలా వదిలేయండి. చెక్కుచెదరని రెబ్బకి పెద్ద ఘాటు ఉండదు. కణాలు చితికినప్పుడు అల్లీన్ అనే పదార్థం, దాన్ని మార్చే ఎంజైమ్ ఒకదానికొకటి తగిలి అల్లిసిన్ పుడుతుంది. మనం ఘాటు అనేది దాన్నే. వేడీ పులుపూ రెండూ ఆ ఎంజైమ్‌ని అణిచేస్తాయి. కాబట్టి నిమ్మరసం ముందే పిండకండి, ఆఖరున పిండండి.

వెన్నని చెక్క గరిటెతో తెల్లబడేదాకా గిలక్కొట్టి, వెల్లుల్లి ముద్ద కలపండి. తర్వాత సోయా సాస్ రెండు చిన్న చెంచాలు. ఇది నీళ్లలాంటిది, వెన్న కొవ్వు. ఒక్కసారిగా పోస్తే రెండూ విడిపోతాయి, గిన్నె అడుగున నల్లటి నీళ్లు మిగులుతాయి. కొన్ని చుక్కలు వేయడం, అది కనబడకుండా కలిసిపోయేదాకా తిప్పడం, మళ్లీ కొన్ని చుక్కలు. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చే పని ఇదే. తెల్లటి వెన్న మెల్లగా పాల టీ రంగుకి తిరుగుతుంది. చివర నిమ్మరసం అర చెంచా, మిరియాల పొడి చిటికెడు.

సోయా సాస్ విషయంలో రాజీ పడకండి. సోయా గింజలూ గోధుమలూ కోజి అనే బూజుతో నెలల తరబడి పులియబెట్టినది కావాలి. నూడుల్స్‌కి వాడే చిక్కటి నల్ల సాస్ తీపిగా ఉంటుంది, రంగు కూడా చెడగొడుతుంది. గోధుమలు పడనివాళ్లు ఉంటే తమారి అనే రకం సోయా సాస్ సీసాల్లో గోధుమలు లేవని రాసినది చూసి కొనుక్కోండి.

శాకాహారులకి ఒక మాట. బయట హోటల్లో మనకి విడిగా చేయమని అడగడం, ఆ పెనం సరిగ్గా తుడిచారో లేదో అని టెన్షన్ పడటం నాకు తెలుసు. ఇంట్లో ఆ బాధ లేదు. పుట్టగొడుగులు, గుమ్మడి జాతికి చెందిన జుకీనీ, ఉల్లిపాయ, సోయా పనీర్ అనే గట్టి టోఫూ, అన్నిటికీ ఈ వెన్న బాగా పడుతుంది. అన్నం మాత్రం నిన్నటిది, ఫ్రిజ్‌లో పెట్టినది తీసుకోండి. వేడి అన్నం ముద్దవుతుంది.

ఇప్పుడు చెప్పేది పెద్దవాళ్లు దయచేసి జాగ్రత్తగా వినండి. ఆవకాయలో వెల్లుల్లి వేసి ఏడాదంతా బయటే ఉంచుతాం కదా, దీన్నెందుకు ఉంచకూడదని అనిపిస్తుంది. ఆవకాయని కాపాడేది దానిలోని ఉప్పూ మామిడి పులుపూ. వెన్నలో ఆ రెండూ అంత మోతాదులో లేవు. పచ్చి వెల్లుల్లిని గాలి తగలని కొవ్వులో ముంచి బయట ఉంచితే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు. పైకి వాసనా రంగూ ఏమీ మారకపోవచ్చు. కాబట్టి చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజుల్లో వాడేయండి. ఎక్కువ చేస్తే కాగితంలో చుట్టి, చిన్న ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో ఉంచుకోండి. రెండు నెలలు నిశ్చింత. కావలసినప్పుడు ఒక ముక్క నేరుగా పెనం మీద వేయొచ్చు.

పెనం వేడెక్కింది. నీటి చుక్క వేస్తే పూసలా దొర్లుతోంది చూడండి. ముందు నూనె, తర్వాత పుట్టగొడుగులు. ముందు వరుసలో ఉన్న పిల్లలూ, కొంచెం వెనక్కి జరగండి నాన్నా, చిటపటలాడుతుంది. వెన్న గిన్నె ఎవరైనా పట్టుకోండి. నేను చెప్పేదాకా ఇవ్వకండి.