కొడుకు హత్యకు న్యాయం దొరకని జడ్జి | స్పానిష్ ట్రాజెడీ రివ్యూ

నమస్కారం అండీ, బాగున్నారా? హామ్లెట్ ఎప్పుడు చేస్తారని చాలా రోజులుగా అడుగుతున్నారు. చేస్తాను. కానీ దానికి పెద్దన్న లాంటి నాటకం ఒకటుంది, ముందు దాని సంగతి చూద్దాం. థామస్ కిడ్ రాసిన ‘ద స్పానిష్ ట్రాజెడీ’. 1580ల్లో రాశాడని అంచనా. 1592లో లండన్ రోజ్ థియేటర్‌లో ఆడినట్టు ఆ థియేటర్ ఓనరు హెన్‌స్లో రాసుకున్న లెక్కల పుస్తకంలో ఉంది. కథ మొత్తం చెప్పేస్తాను. నాలుగొందల ఏళ్లు దాటిన నాటకానికి స్పాయిలర్ ఏంటని నా ధైర్యం.

స్పెయిన్‌కీ పోర్చుగల్‌కీ యుద్ధం. అందులో పోర్చుగల్ యువరాజు బాల్తజార్ చేతిలో అండ్రియా అనే స్పెయిన్ కుర్రాడు చచ్చిపోతాడు. నాటకం మొదలయ్యేదే వాడి దెయ్యంతో. దాని పక్కన ఇంకో శాల్తీ ఉంటుంది, పేరు ‘ప్రతీకారం’. అవునండీ, పగే ఒక పాత్ర! ఇద్దరూ స్టేజీ మీదే కూర్చుని చివరిదాకా చూస్తారు, మనలాగే. మధ్యలో ఒకచోట ఆ ప్రతీకారం నిద్రపోతుంది కూడా. దెయ్యం దాన్ని లేపలేక తల పట్టుకుంటుంది. వీళ్లిద్దర్నీ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

అండ్రియా ప్రేమించిన అమ్మాయి బెల్ ఇంపీరియా, స్పెయిన్ రాజుగారి తమ్ముడి కూతురు. అండ్రియా పోయాక అతని స్నేహితుడు హొరేషియోకి దగ్గరవుతుంది. వాళ్ల అన్న లొరెంజోకి ఇది గిట్టదు, చెల్లెల్ని బాల్తజార్‌కి ఇవ్వాలని ప్లాను. ఒక రాత్రి తోటలో, పందిరి కింద ఇద్దరూ కూర్చుని ఉండగా లొరెంజో బాల్తజార్‌తో, తన మనుషులతో వచ్చి హొరేషియోని అదే పందిరికి ఉరేసి, ఆపైన పొడిచి చంపుతాడు. ఆ తోట ఎవరిదో తెలుసా? హొరేషియో నాన్నదే.

ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్న బొమ్మ చూడండి. 1615లో అచ్చేసిన పుస్తకం మొదటి పేజీ. పందిరికి వేలాడుతున్న కొడుకు, ఎదురుగా కాగడా పట్టుకున్న తండ్రి, అరుస్తున్న అమ్మాయి, మొహానికి నల్ల ముసుగుతో ఆమెను లాగుతున్న లొరెంజో. నోట్లోంచి మాటలు రిబ్బన్లలా బయటికొస్తున్నాయి, అచ్చం మన కామిక్ పుస్తకాల్లోలాగా! నిజానికి నాటకంలో తండ్రి వచ్చేసరికి అమ్మాయిని లాక్కెళ్లిపోయారు. బొమ్మ గీసినవాడు రెండు సీన్లనీ ఒకే ఫ్రేములో కుక్కేశాడు. పోస్టరు బుద్ధి అప్పటినుంచీ అంతే. ఆ పేజీ మీదే ఇంకో టైటిలు కూడా ఉంది: ‘హియరోనిమోకి మళ్లీ పిచ్చెక్కింది’.

ఆ తండ్రే హియరోనిమో. నైట్ మార్షల్ ఆయన ఉద్యోగం, అంటే రాజుగారి కొలువులో జడ్జి లాంటివాడు. ఊళ్లో ఎవరికి అన్యాయం జరిగినా ఈయన దగ్గరికే రావాలి. మరి ఈయనకే జరిగితే? కొడుకు రక్తంలో రుమాలు తడిపి దగ్గర పెట్టుకుంటాడు. చంపిందెవరో చెబుతూ బెల్ ఇంపీరియా తన రక్తంతో రాసిన ఉత్తరం చేతికొస్తుంది. ఆయన వెంటనే నమ్మడు. జడ్జి కదా, సాక్ష్యం కోసం చూస్తాడు. సాక్ష్యం దొరికాక రాజు దగ్గరికి పరిగెత్తుతాడు. అక్కడ రాజుకి హొరేషియో చనిపోయిన సంగతే తెలియదు! “న్యాయం, న్యాయం” అని ముసలాయన అరుస్తూ బాకుతో నేల తవ్వుతుంటే, రాజు ఏమైందని అడుగుతాడు. జవాబు చెప్పేది ఎవరు? లొరెంజో. “డబ్బాశతో మతి పోయింది ప్రభూ” అంటాడు. పిచ్చోడని సర్టిఫికెట్ ఇచ్చింది హంతకుడు. నాకు నాటకం మొత్తం మీద ఒళ్లు మండింది ఇక్కడే.

మరి ఆయనకు నిజంగా పిచ్చెక్కలేదా అంటే, ఎక్కింది. దాన్ని కిడ్ ఎలా చూపించాడో చూడండి. అర్జీలు పట్టుకుని జనం వస్తారు. ఒకడిది బాకీ గొడవ, ఒకడిది కౌలు గొడవ. వెనక బజుల్టో అనే ముసలాయన మౌనంగా నిలబడి, అడిగితే కాగితం ఇస్తాడు. చదివితే ఏముంది? హత్యకు గురైన కొడుకు కోసం తండ్రి పెట్టుకున్న అర్జీ. హియరోనిమో కదిలిపోయి, కళ్లు తుడుచుకో అని రుమాలు తీసిస్తాడు. బయటికొచ్చింది ఆ రక్తం రుమాలు. అయ్యో ఇది కాదు అని వెనక్కి లాక్కుంటాడు. ఇక అక్కడితో తెగిపోతుంది. అర్జీలన్నీ పళ్లతో పర్రున చింపేస్తాడు. “అయ్యా, నా కౌలు కాగితం, పది పౌన్లు పోశాను” అని ఒకడు మొత్తుకుంటాడు. దానికి ఈయన జవాబు: దాన్ని నేను గాయపరచలేదే, ఏదీ, ఒక్క రక్తపు బొట్టు కారిందేమో చూపించు. అని, చేతనైతే పట్టుకోండంటూ పరిగెత్తుతాడు.

చదువుతూ నవ్వాను, నవ్వినందుకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ పిచ్చిమాటలో లాజిక్కుంది. రక్తం కారినదానికే ఇక్కడ దిక్కు లేదు, కాగితం చిరిగితే కేసా? భార్య ఇసబెల్లా సంగతి ఇంకా ఘోరం, ఆ పందిరినంతా నరికేసి తననూ పొడుచుకుంటుంది. ఆమెకు కిడ్ ఇంకో రెండు సీన్లు రాసి ఉండాల్సింది.

ఆఖరి అంకంలో ముసలాయన తేరుకున్నట్టు నటించి, కొలువులో నాటకం వేద్దామంటాడు. హంతకులిద్దరికీ వేషాలిస్తాడు. తలో భాష: నువ్వు లాటిన్, నేను గ్రీకు, నువ్వు ఇటాలియన్, అమ్మాయి ఫ్రెంచ్. కత్తులు మాత్రం నిజమైనవి. రాజులు ఆహా ఏం నటన అంటుంటే అక్కడ నిజంగానే చస్తున్నారు. తర్వాత తెర లాగి కొడుకు శవం చూపించి అంతా చెప్పేస్తాడు. అంతా చెప్పాక, ఇక చెప్పనంటూ నాలుక కొరికేసుకుంటాడు! ఇది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, చెప్పకుండా దాచింది ఏముందని? సరే, రాయమని కలం ఇస్తారు. ఈక కలం కదా, ములుకు చెక్కుకోవాలి, కత్తి కావాలని సైగ చేస్తాడు. ఇచ్చారు. ఆ కత్తితో లొరెంజో తండ్రిని పొడిచి, తనూ పొడుచుకుంటాడు.

ఆ తండ్రి ఏ పాపం ఎరగడు. మన అశ్వత్థామ తండ్రి కోసం బయల్దేరి, నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపాడు. ఈయన కొడుకు కోసం బయల్దేరి ఎవరి తండ్రినో చంపాడు.

మైనస్‌లు ఉన్నాయి. పోర్చుగల్ దర్బారు ట్రాక్ ఫార్వర్డ్ చేసెయ్యొచ్చు. “ఓ కళ్లారా, మీరు కళ్లు కావు” టైపు ఏడుపు డైలాగులు శ్రుతి మించుతాయి. ఆ కాలపు నాటక రచయిత బెన్ జాన్సన్ ఈ నాటకానికి కొత్త సీన్లు రాస్తానని 1601లో డబ్బు తీసుకున్నాడు. అదే పెద్దమనిషి 1614లో, ఇంకా దీన్నే గొప్ప నాటకం అనేవాళ్లను వెక్కిరించాడు. కిడ్‌కి ఇదంతా చూసే భాగ్యం కూడా లేదు. 1593లో అరెస్టు చేసి హింసించారు, మరుసటేడు పోయాడు. ఇది రాసింది ఆయనేనని మనకు తెలిసింది 1612లో ఇంకో రచయిత ఒక పుస్తకంలో పేరెత్తబట్టే.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. అర పాయింటు ఆ పోర్చుగల్‌కి, ఇంకో అర ఆ నాలుకకి కట్.

ఇక ఆ దెయ్యం సంగతి. అందరూ పోయాక అండ్రియా చావుల లిస్టు చదువుతాడు. శత్రువులవే కాదు, స్నేహితుడు హొరేషియో, ఇసబెల్లా, తను ప్రేమించిన అమ్మాయి, అందరివీ కలిపే. చదివి, ఈ దృశ్యాలన్నీ నా మనసుకు హాయిగా ఉన్నాయంటాడు. తర్వాత ప్రతీకారాన్ని ఒక్క కోరిక కోరతాడు: వీళ్లకు నన్నే జడ్జిగా ఉండనివ్వు. జడ్జి అయ్యాక ఇచ్చిన మొట్టమొదటి తీర్పేంటో తెలుసా? ఏ పాపం ఎరగని ఆ లొరెంజో తండ్రిని తీసుకెళ్లి, నరకంలో రాబందు పొడుచుకు తినేచోట పడెయ్యమని.