నిద్రలో బిడ్డ ఊపిరి ఎందుకు ఆగి ఆగి నడుస్తుంది?

అందరికీ నమస్కారం.

నెల తిరగని బిడ్డ పక్కన రాత్రిళ్లు మేలుకున్నవాళ్లందరికీ ఈ భయం తెలుసు. బిడ్డ గాఢంగా నిద్రపోతూ గబగబా నాలుగైదు ఊపిరులు తీసుకుంటుంది, ఉన్నట్టుండి ఆపేస్తుంది. ఛాతీలో కదలిక ఉండదు. మనం వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాం. అంతలో ఒక పెద్ద ఊపిరి తీసుకుని, మళ్లీ ఏమీ జరగనట్టే నిద్ర సాగిస్తుంది. తల్లి మాత్రం ఆ రాత్రికి మరి నిద్రపోదు.

ఆ కాసేపటి విరామం గురించే ఈ రోజు మాట్లాడతాను. పసిబిడ్డ నిద్రలో ఊపిరి, గుండె ఒకే వేగంతో నడవవు. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డలో చాలాసార్లు ఆ హెచ్చుతగ్గులే గుణం, అవి పోవడమే దోషం. మనం భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు నిద్ర సంగతి చూద్దాం. అప్పుడే పుట్టిన బిడ్డ రోజులో దాదాపు 16, 17 గంటలు నిద్రపోతుంది. ఆ నిద్ర అంతా ఒక్క రకం కాదు. 1950ల తొలినాళ్లలో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, తన గురువు నథానియల్ క్లైట్‌మన్ దగ్గర పనిచేస్తూ, నిద్రపోతున్న పసిపిల్లల కనురెప్పలను గంటల తరబడి గమనించాడు. మూసిన రెప్పల కింద కళ్లు కదులుతున్న సమయం, కదలని సమయం వంతులవారీగా వస్తున్నాయి. పెద్దవాళ్లలో ఆ కంటి కదలికల గురించి వాళ్లిద్దరూ 1953లో రాసిన వ్యాసం నిద్రాశాస్త్రాన్నే మార్చేసింది. 1955లో మళ్లీ పసిపిల్లల మీదే రాస్తూ, ఈ చక్రం సుమారు 50 నుంచి 60 నిమిషాలకోసారి తిరుగుతుందని చూపించారు. పెద్దవాళ్లలో అది 90 నిమిషాలకు దగ్గరగా ఉంటుంది.

శిశువైద్యంలో ఈ రెండింటినీ చురుకు నిద్ర, ప్రశాంత నిద్ర అంటాం. చురుకు నిద్రలో బిడ్డ ముఖం చిట్లిస్తుంది, నవ్వుతుంది, చప్పరిస్తుంది, చేతులు విదిలిస్తుంది. ఊపిరి వేగంగా, గతి తప్పుతూ ఉంటుంది. ప్రశాంత నిద్రలో ఒళ్లు కదలదు, ఊపిరి నిదానంగా సమానంగా నడుస్తుంది. పుట్టిన కొత్తలో నిద్రలో సగం చురుకు నిద్రే. పైగా పెద్దవాళ్లకు భిన్నంగా, పసిబిడ్డ కన్ను మూయగానే ముందు దాంట్లోకే జారుకుంటుంది. దాదాపు మూడో నెలకు గానీ ఈ వరస మారదు. పడుకోబెట్టగానే బిడ్డ ఊపిరి గతి తప్పినట్టు అనిపించడానికి కారణం ఇదే.

చురుకు నిద్రలో ఇంకొకటి జరుగుతుంది, ఇది చాలామందిని కంగారు పెడుతుంది. ఈ నిద్రలో ఒంట్లోని కండరాలు సడలిపోతాయి. పక్కటెముకల మధ్య కండరాలూ అంతే. ఊపిరి పని ఆపనిది, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, డయాఫ్రం ఒక్కటే. పసిబిడ్డ పక్కటెముకలు ఇంకా మెత్తగా ఉంటాయి కాబట్టి, డయాఫ్రం కిందికి లాగినప్పుడు పొట్ట పైకి లేస్తుంది, ఛాతీ కొద్దిగా లోపలికి పోతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి. మెలకువలో ఇలా కనిపిస్తే, అది తీవ్రంగా ఉంటే ఊరుకోకూడదు. చురుకు నిద్రలో, ఏ శ్రమా లేకుండా, కొద్దిగా కనిపిస్తే అది ఆ నిద్ర లక్షణమే.

ఇక విరామాల దగ్గరికి వద్దాం. మూడు సెకన్లో ఐదు సెకన్లో పది సెకన్లో ఊపిరి ఆగడం, తర్వాత కొన్ని ఊపిరులు, మళ్లీ ఆగడం, ఇలా వరసగా సాగితే దాన్ని పీరియాడిక్ బ్రీతింగ్ అంటాం. లెక్క ప్రకారం, మూడు సెకన్లకు తగ్గని విరామాలు కనీసం మూడు రావాలి, వాటి మధ్య ఊపిరి నడిచే సమయం 20 సెకన్లకు మించకూడదు. మొదటి కొన్ని వారాల్లో ఇది ఎక్కువ, ఆరు నెలలు వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో మరీ ఎక్కువ.

ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. మనల్ని ఊపిరి తీసుకోమని మెదడుకు చెప్పేది ముఖ్యంగా రక్తంలోని కార్బన్ డయాక్సైడ్. అది పెరిగితే ఊపిరి పెరుగుతుంది. ఒక హద్దు కంటే తగ్గితే, నిద్రలో ఉన్న మెదడు ఊపిరిని ఆపేస్తుంది. పసిబిడ్డలో ఆ హద్దు మామూలు స్థాయికి చాలా దగ్గరగా ఉంటుంది. రెండు పెద్ద ఊపిరులు తీసుకుంటే చాలు, హద్దు దాటిపోతుంది, ఊపిరి ఆగుతుంది. ఆగగానే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో జరిగిన మార్పు మెదడుకు చేరడానికి రక్తం ప్రయాణించే కొన్ని సెకన్లు పడుతుంది. వేడినీళ్లు ఆలస్యంగా వచ్చే కుళాయి దగ్గర నిలబడి, చల్లగా ఉన్నాయని ఎక్కువ తిప్పి, కాలగానే తక్కువ తిప్పి, మళ్లీ ఎక్కువ తిప్పే మనిషికి జరిగేదే ఇక్కడా జరుగుతోంది. నియంత్రణ ఉంది, అది గట్టిగానే పనిచేస్తోంది. ఇంకా కుదురుకోలేదు, అంతే.

అయితే పసిబిడ్డ దగ్గర ఆక్సిజన్ నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ. కిలో బరువుకు లెక్కేస్తే పెద్దవాళ్లకు రెట్టింపు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే విరామం ఎంతసేపన్నది ముఖ్యమవుతుంది. 20 సెకన్లు, లేదా అంతకంటే ఎక్కువ సేపు ఆగితే దాన్ని ఆప్నియా అంటాం. తక్కువసేపే ఆగినా గుండె వేగం పడిపోతేనో, రంగు మారితేనో అదీ ఆప్నియా కిందికే వస్తుంది.

గుండె గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇప్పుడు చెబుతాను. ప్రశాంత నిద్రలో ఉన్న ఆరోగ్యమైన బిడ్డ ఈసీజీని గమనిస్తే, ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు గుండె కాస్త వేగం పెంచుతుంది, వదిలినప్పుడు తగ్గిస్తుంది. ఊపిరి పీల్చేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వచ్చి దాని వేగాన్ని తగ్గించే వేగస్ నరం గుండె మీద పట్టు వదులుతుంది, వదిలేటప్పుడు మళ్లీ బిగిస్తుంది. ఊపిరితో గుండె ఇలా కదలడాన్ని కార్ల్ లుడ్విగ్ 1847లోనే నమోదు చేశాడు. చురుకు నిద్రలో ఈ చిన్న అలలు తగ్గి, పెద్ద పెద్ద ఎగుడుదిగుడులు వస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు గుండె వేగం గీతను మాత్రమే చూసి బిడ్డ ఏ నిద్రలో ఉందో చాలావరకు చెప్పగలరు.

మరి ఈ అలలు పోతే? 1963లో ఎడ్వర్డ్ హాన్, లీ అనే పరిశోధకులు గర్భంలోని శిశువు గుండె గురించి ఒక విషయం రాశారు. శిశువు ఇబ్బందిలో పడినప్పుడు, గుండె వేగం మారక ముందే, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధిలోని తేడాలు మారిపోతున్నాయని. దశాబ్దాల తర్వాత అదే ఆలోచన నవజాత శిశు విభాగాలకు వచ్చింది. రక్తంలో ఇన్ఫెక్షన్ ముదిరి బయటికి కనబడక ముందే గుండె వేగంలో హెచ్చుతగ్గులు తగ్గిపోవడం, మధ్యమధ్య క్షణికంగా వేగం పడిపోవడం మొదలవుతాయి. దీన్ని కొలిచి వైద్యులకు ముందుగా చెప్పే పద్ధతిని, చాలా తక్కువ బరువుతో పుట్టిన 3,003 మంది శిశువులలో పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆ సూచిక కనిపించేలా పెట్టిన వర్గంలో మరణాలు 8.1 శాతం, పెట్టని వర్గంలో 10.2 శాతం. కదలిక లేని తిన్నటి గీత చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ మేం భయపడేది ఆ గీతకే.

అంకెలు కొన్ని చెబుతాను, కానీ వీటిని పట్టుకుని బిడ్డను కొలవకండి. పుట్టినప్పుడు గుండె వేగం మధ్యస్థంగా నిమిషానికి 127, ఒక నెలకు 145 దాకా పెరిగి, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. ఊపిరి పుట్టినప్పుడు నిమిషానికి 44, రెండేళ్లకు 26. ఇవి మధ్యస్థాలు, హద్దులు కావు. నిద్రలో గుండె 90కి దిగడం ఆరోగ్యమైన బిడ్డలో వింతేం కాదు.

విరామాల భయం ఇళ్లలోకి యంత్రాలను తెచ్చిన కథ కూడా మీరు తెలుసుకోవాలి. 1972లో ఒక వైద్యపత్రికలో, నిద్రలో ఊపిరి ఎక్కువసేపు ఆగడమే ఆకస్మిక శిశు మరణాలకు మూలమని ఒక వ్యాసం వచ్చింది. దాని బలమంతా ఐదుగురు బిడ్డల మీద, అందులోనూ చనిపోయిన ఇద్దరు తోబుట్టువుల మీద ఆధారపడింది. ఇళ్లలో మానిటర్లు పెట్టడం ఊపందుకుంది. 1995లో ఆ ఇద్దరినీ తల్లే చంపిందని కోర్టు నిర్ధారించింది. 2001లో అమెరికాలో 1,079 మంది శిశువులను ఇళ్లలో మానిటర్లతో గమనించిన అధ్యయనం వచ్చింది. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టినవాళ్లలోనే 43 శాతం మందికి, అలారం మోగించే స్థాయి ఘటన కనీసం ఒకటి నమోదైంది. అంటే అలారం మోగడానికీ, ప్రమాదానికీ మనం అనుకున్నంత సంబంధం లేదు. ఇప్పుడు కాలికి తొడిగే, మొబైల్‌కు సందేశాలు పంపే పరికరాలు దొరుకుతున్నాయి. వాటిని ఆకస్మిక మరణం నుంచి రక్షణగా వాడవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ స్పష్టంగా చెబుతోంది. నాదీ అదే మాట. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

నిజంగా ప్రాణాలు కాపాడింది వేరే ఒకటి: బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం. బోర్లా పడుకున్న బిడ్డ గాఢంగా నిద్రపోతుంది, తక్కువగా మేలుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, హెచ్చుతగ్గులు తగ్గుతాయి. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒక్క నిట్టూర్పుతో, తల తిప్పుకోవడంతో మేలుకోగల శక్తి రెండు నుంచి నాలుగు నెలల వయసులో ఎంతో అవసరం. ఆకస్మిక మరణాలు ఎక్కువగా జరిగేదీ ఆ వయసులోనే. 1990లలో దేశాలు వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేసినప్పుడు, అమెరికాలో ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. గట్టి పరుపు, పక్కన దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు లేని పడక, పొగాకు పొగ లేని గది. ఇంతే కావాలి.

నెలలు నిండకుండా పుట్టినవాళ్ల విరామాలు వేరు. వాళ్లకు ఆసుపత్రిలో కెఫీన్ ఇస్తాం, అది మెదడులోని శ్వాసకేంద్రాన్ని మేలుకొలుపుతుంది. వాళ్లను ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పేది విడిగా వినండి, నేను ఇక్కడ చెప్పినవి వాళ్లకు సరిగ్గా సరిపోవు.

ఇక దేనికి పరుగెత్తాలో చెబుతాను. రెండు నెలల లోపు బిడ్డకు ఊపిరి నిమిషానికి 60 లేదా ఎక్కువ ఉంటే, రెండు నుంచి పన్నెండు నెలల మధ్య 50 లేదా ఎక్కువ ఉంటే, ఆసుపత్రికి వెళ్లాలి. లెక్కించేటప్పుడు 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించకండి, పసిబిడ్డలో ఆ లెక్క తప్పుతుంది. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు పొట్ట మీద చూపు పెట్టి నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకైతే, ఎక్కువ వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి. డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు అదరడం, ఊపిరి వదిలే ప్రతిసారీ మూలగడం, పాలు తాగలేకపోవడం, పిలిచినా కదిలించినా మత్తుగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. పెదవులు, నాలుక నీలిరంగుకు తిరగడం అన్నిటికంటే తీవ్రం. అరచేతులు, అరికాళ్లు మాత్రమే నీలంగా ఉండటం పుట్టిన కొత్తలో మామూలే.

విరామం కనిపించినప్పుడు ముందు గడియారం చూడండి, తర్వాత రంగు చూడండి. రంగు బాగుండి, 20 సెకన్ల లోపు తనంతట తానే ఊపిరి మొదలైతే, బిడ్డను కదపాల్సిన పని లేదు. అది తరచూ వస్తుంటే ఫోన్‌తో ఒక వీడియో తీసి డాక్టరుకు చూపించండి, మాటల్లో చెప్పినదానికన్నా ఆ వీడియోలోంచి మేం చాలా ఎక్కువ తెలుసుకుంటాం. 20 సెకన్లు దాటితే అరికాలు రుద్ది లేపండి. ఊపిరి రాకపోతే, ఒళ్లు వదిలేసినట్టు మెత్తబడితే, శ్వాస అందించే ప్రథమ చికిత్స మొదలుపెట్టి, పక్కవాళ్లను అంబులెన్స్ పిలవమనండి. ఆ చికిత్స నేర్చుకోవడం ఇప్పుడు చాలా తేలిక. బిడ్డ పుట్టక ముందే ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోండి.